ఇద్దరం చూశాం

మా ఆఫీసులో ఆవిడను అందరూ అతుకులక్క అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. మేం రాసే బస్సు టికెట్ల ప్రోగ్రాంలో ఒకేచోట ఇద్దరు మార్పులు చేస్తే, వాటిని కలిపేటప్పుడు కంప్యూటర్ మొరాయిస్తుంది. ఎవరిది ఉంచాలో మీరే తేల్చుకోండంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. అప్పుడు అందరం అక్క దగ్గరికే పరుగు.

అక్కది ఒకటే పట్టు. రాసినవాళ్ళు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి, ప్రోగ్రాంలో ఒక్కో వరుసా తనతోపాటు చూడాలి. అంతా కలిపాక కింద నోట్‌లో 'ఇద్దరం చూశాం' అని రాస్తుంది. ఫోన్లో అడిగి కానిచ్చెయ్యమంటే వినదు. నాకైతే ఒళ్ళు మండేది.

ఆ కుర్చీలో అందరికంటే ఎక్కువ కూర్చున్నది ఆవిడ సొంత తమ్ముడు. అతనూ మా టీమే. ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మధ్యాహ్నం దాకా పోట్లాడుకుని ఒకే డబ్బాలో తినేవాళ్ళు. అతను రోడ్డు ప్రమాదంలో పోయాడు.

టికెట్ రద్దయితే సీటు ఖాళీ చేసే భాగం అతను రాశాడు. అదే భాగాన్ని అక్క కూడా తనకు తోచినట్టు సరిచేసింది. సోమవారం కూర్చుని తేల్చుకుందామనుకున్నారట. ఇంతలో అతను లేకుండా పోయాడు. అతనిది తీసేసి ముందుకు పోదామన్నాడు మేనేజరు. కలిపి చూస్తానంది అక్క. తమ్ముడి ఆఖరి పని అందులో నిలవాలని ఆవిడ ఆశ. అంతకుమించి ఇంకేమీ అడగలేదు.

తమ్ముడు పోయాక పనిలోకి వచ్చిన దగ్గర్నుంచి అక్క తలెత్తి ఎవర్నీ చూడలేదు. కంట తడీ లేదు. ముందు పెట్టిన టీ చల్లారిపోయేది. ఆ భాగం కలపడానికి ఆవిడ కూర్చున్నప్పుడు నేను కుర్చీ లాక్కుని, "నేను కూర్చోనా అక్కా?" అన్నాను.

"నువ్వు రాయలేదుగా" అంది.

కుర్చీ వదిలేసి వెనక నిలబడ్డాను. తమ్ముడి వరుసలు ఉంచి ప్రోగ్రాం నడిపింది. రద్దయిన ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోయింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ అంతే. బతికుంటే అతను గంటసేపు వాదించేవాడు. అక్క అతని వరుసలన్నీ తీసేసి తనవి ఉంచింది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడకు రాలేదు.

నోట్‌లో అలవాటుగా 'ఇద్దరం చూశాం' అని కొట్టింది. దాన్ని చెరిపేసి, 'ఒక్కదాన్నే చూశాను' అని రాసి పంపించింది.