పక్క సాలు

సెల్‌ఫోన్లు ఇంకా అందరికీ రాని రోజులు. మిరప కోతల కాలంలో ప్రత్తిపాడు నుంచి గుంటూరు వెళ్తుంటే, బస్సులో నా పక్కన ఒక కూలీ ఆమె కూర్చుంది. చేతిలోని చిన్న అట్టపెట్టెను కొంగుతో పట్టుకుంది.

“కాస్త పట్టుకుంటారా అమ్మా? నిన్నటిదాకా కాయలు కోశా. నా చేతుల మంట తగిలితే లోపలది చెడిపోద్దేమో.”

పెట్టెలో గాజుపలక ఉంది. ఆమె గర్భసంచి ముఖద్వారం దగ్గర డాక్టరమ్మ పుల్లతో కాస్త తడి తీసి దానిమీద పూసిందట. క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష. గుంటూరు ల్యాబులో ఇవ్వాలి. మంట దానికి అంటదని చెప్పబోయి, ఆమె ముఖం చూసి పెట్టె అందుకున్నాను.

“మా అక్కకి ఈ పరీక్ష సంగతే తెలీదమ్మా. ముట్లు ఆగాక మళ్ళీ రక్తం కనపడినా సిగ్గుపడి ఎవరికీ చెప్పలా. పోయింది. కోతల్లో నా పక్క సాలు ఎప్పుడూ దానిదే. ఇప్పటికీ ఆ సాలు ఎవర్నీ పట్టనివ్వను. నాది అయ్యాక నేనే కోస్తా.”

గుంటూరులో పెట్టె తీసుకుంటూ, “నా కొంగు మంట మీకూ అంటి ఉంటది, కళ్ళు తుడుచుకోమాకండి” అని దిగిపోయింది.

ఆమె పేరు అడగలేదు. ఫలితం ఏమొచ్చిందో తెలియదు. ఇప్పటికీ కోతలప్పుడు ఆ దారిన వెళ్తే కిటికీలోంచి చేలల్లోకి చూస్తాను, పక్క సాలు ఖాళీగా ఉంచుకుని కాయలు కోసే మనిషి కోసం.