గౌహర్ ఖానుమ్ హల్వా పెట్టని అతిథి

మా దానిమ్మల వీధిలో రజాయిలు కుట్టి జీవించిన గౌహర్ ఖానుమ్ ఏ పదవిలోనూ లేరు. అయినప్పటికీ, తప్పు చేసిన ప్రభుత్వం ఎలా నడుచుకోవలెనో ఆమె తన ఇంటి గదిలో కూర్చుండి చెప్పగా విన్నవారిలో నేనొకడిని.

ఆమె ఏకైక కుమార్తె తరానే ఎక్కిన విమానం నేల విడిచిన కాసేపటికే కూలిపోయింది. యంత్రలోపమని ప్రభుత్వం ప్రకటించింది. సైన్యం వదిలిన క్షిపణియే కూల్చినదని ఊరంతా చెప్పుకొన్నది.

నలభయ్యవనాటి సంతాపానికి మొయిన్‌ఫర్ అనే ప్రభుత్వాధికారి సమాధిరాతితో సహా విచ్చేశారు. దానిపై తరానే పేరుకు ముందు ‘వీరమరణం పొందిన’ అని చెక్కించారు. ఆ రాయిని అంగీకరించిన కుటుంబం ఇక ప్రశ్నలు వేయదని అందరికీ తెలుసు.

అన్న రహ్మత్ ఆమె చెవిలో, “ఒప్పేసుకో చెల్లీ, వీళ్లతో మనకెందుకు?” అన్నాడు.

“నువ్వెళ్లి టీ సంగతి చూడన్నయ్యా. నీ ఒంటికి పట్టిన చలి దానికీ పట్టేలా ఉంది.”

“ఇది గొప్ప గౌరవం తల్లీ,” అన్నారు అధికారి.

“వీరులు యుద్ధానికి పోతారు, ఆగా సాహెబ్. నా పిల్ల స్నేహితురాలి పెళ్లికి పోయింది. ఏ యుద్ధంలో పోయిందంటారు?”

“అదొక ప్రమాదం…”

“ప్రమాదమైతే వీరమరణం ఎలాగయింది? వీరమరణమైతే చంపిందెవరు? రెంట్లో ఒకటి చెప్పండి.”

పోయినవారి పేర వండిన కుంకుమపువ్వు హల్వాను పగవాడికైనా పెట్టి పంపడం మా ఆచారం. ఆమె ఆ పళ్లెమును అధికారి ముందునుండి తీసివేశారు.

“విమానాన్ని మేమే కొట్టామనండి, తిని వెళ్లండి. క్షమించడం తరవాత మాట. చేసిందేంటో చెప్పకుండా దేన్ని క్షమించమంటారు?”

ఆయన లేచారు. రాయిని తిరిగి మోయించుకొని వెళ్తుండగా, గుమ్మంలో నిలిచిన డ్రైవరును ఆమె పిలిచారు. “నువ్వు తిను నాయనా. నువ్వేం దాచడానికి రాలేదుగా!”

ఆపై ప్రభుత్వ కార్యాలయాల నుండి వచ్చే రజాయిల బేరాలు ఆగిపోయినవి. ఆమె బాధిత కుటుంబాల ఇళ్లకు తిరిగి, బహిరంగ విచారణ కోరుతూ సంతకాలు సేకరించారు. వసంతంలో ప్రభుత్వం నిజం ఒప్పుకొన్నది. మొయిన్‌ఫర్ ఈసారి ఖాళీ చేతులతో వచ్చారు.

“మా వాళ్లే కొట్టారు తల్లీ. తప్పు మాదే.”

ఆమె హల్వా వడ్డించారు. “తినండి. కొట్టమన్నదెవరు?”

“అది న్యాయస్థానంలో తేలుతుంది.”

“అయితే తలుపులు తెరిచి తేల్చమనండి.”

తలుపులు తెరిచియే విచారించారు. క్షిపణి వదలమని ఆజ్ఞ ఇచ్చిన సైనికాధికారి పేరు చదివే దినమున న్యాయమూర్తి కూర్చొనమన్నను ఆమె కూర్చొనలేదు. పేరును చివరి అక్షరం వరకు నిలబడి విని, అప్పుడు కూర్చున్నారు.