టీ పార్టీకి ప్రశ్నపత్రం

ఆ వీధిలో ఆమెను స్క్వాడ్ టీచరమ్మ అంటారు. లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఆమె చెప్పిన లెక్కలు ఎవరికీ గుర్తు లేవు గాని, పట్టుకున్న చిట్టీలు మాత్రం అందరికీ గుర్తున్నాయి. పరీక్షల కాలంలో కాపీలు పట్టే దళంలో ఆమె ఉందని తెలిస్తే చాలు, కొన్ని కేంద్రాల్లో పిల్లలకు ముందురోజే జ్వరాలు తగిలేవట. చొక్కా చేతిమడత, జడపాయ, చెప్పు అట్ట, వాటర్ బాటిల్ మూత లోపలి భాగం — ఆమె వేలు తడమని చోటు లేదు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనుషులుంటారు. టీచరమ్మ ఎదుటివాడు ఆవులించేదాకా ఆగేది కాదు.

ప్రభుత్వం ఆమెకు పదవీ విరమణ ఇచ్చింది గాని అనుమానానికి ఇవ్వలేదు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడని, నవ్వకపోతే కలిపింది తెలిసిపోయిందని భయపడుతున్నాడని ఆమె తేల్చేసేది. పక్కింటివాళ్ళు బాగున్నారా అని పలకరిస్తే, బాగుండకపోతే వీళ్ళకేం లాభమో అని మధ్యాహ్నం దాకా ఆలోచించేది.

ఆ వీధి ఆడవాళ్ళు కొందరు గురువారం సాయంత్రాలు వంతులవారీగా ఒకరింట్లో టీకి చేరి ఆటలాడుకునేవారు. వాళ్ళ నవ్వులు టీచరమ్మ ఇంట్లోకి వచ్చేవి, పిలుపు మాత్రం వచ్చేది కాదు. "పనిలేని సంత" అనేది ఆమె. కిటికీ మాత్రం మూసేది కాదు.

అలాంటిది ఒకనాడు కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మెట్లెక్కి వచ్చి, "అక్కా, వచ్చే గురువారం మీ ఇంట్లో పెట్టుకుందామా?" అంది.

"ఎందుకూ?"

"ఎందుకంటే ఏముందక్కా. గుంపులో చేరేవాళ్ళు ముందో పార్టీ ఇవ్వాలి. ఆటలు కూడా వాళ్ళే చూసుకోవాలి. బాగా జరిగితే ఆ పై వారం నుంచి మాతోపాటే."

"జరక్కపోతే?"

"టీ తాగి వెళ్ళిపోతాం."

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు నేనెందుకు గుర్తొచ్చాను?"

కుట్టుమిషనావిడ దాపరికం తెలియని మనిషి. "వీధిలో ఇంక పిలవనివాళ్ళు మీరొక్కరే మిగిలారక్కా" అని చెప్పి దిగిపోయింది.

టీచరమ్మ భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఒక కంటికి భూతద్దం తగిలించుకుని, రెండో కంటితో సంసారం చేస్తాడు. ఆమె వెళ్ళి ఆయన బల్ల పక్కన నిలబడింది.

"ఏమండీ, ఇందులో ఏదో ఉంది. టీకి పిలిచేవాళ్ళు టీకి పిలవాలి. ఆటలు నన్ను చూసుకోమనడమేమిటి?"

"ఇష్టం లేకపోతే మానెయ్."

ఆమె మానేస్తానని అనలేదు. బల్లమీది మరలను చిన్నవీ పెద్దవీ వరసపెట్టి, "చూసీ చూసీ, ఆఖరికి ఈవిడ మనకొద్దని వెళ్ళిపోతే?" అంది మెల్లగా.

ఆయన భూతద్దం తీశాడు. అది ఆయన అన్నం ముందు, నిద్ర ముందు తప్ప తీయడు. "పరీక్ష మాత్రం పెట్టకు. మిగతాదంతా అదే జరిగిపోతుంది" అన్నాడు.

సలహా బాగుంది. పాటించడానికి వేరే మనిషి కావలసింది.

టీచరమ్మ ఆటలన్నిటినీ ఒక్కొక్కటిగా విచారణకు పిలిచింది. కుర్చీలాట పనికిరాదు, పాట ఆపేవాళ్ళు తమవాళ్ళు కుర్చీ దగ్గరికి రాగానే ఆపరని నమ్మకమేమిటి? పొట్లం చేతులు మార్చే ఆటలో కొందరు కావాలని నెమ్మదిగా ఇస్తారు. సీసాలో బిస్కెట్లు ఎన్నో చెప్పడమంటే, సీసా నింపిన భర్త ఇంట్లోనే ఉన్నాడు, ఎవరికైనా చెప్పొచ్చు. మిగిలిందల్లా ట్రే ఆట: ట్రే నిండా చిల్లర వస్తువులు పెట్టి, గుడ్డ తీసి కాసేపు చూపించి, మళ్ళీ కప్పేసి, గుర్తున్నవి కాగితం మీద రాయించడం. అదృష్టానికి తావు లేదు, పక్షపాతానికి దారి లేదు.

ముందుగా భర్త మీద ప్రయోగించింది. ఆయన ఒక్కటి పొల్లుపోకుండా రాసేశాడు. అన్నీ ఆయన గడియారాల్లోంచి తీసినవే. "ఇది పేపర్ లీకేజీ కింద వస్తుంది" అని ఆమె ట్రే ఖాళీ చేసి, కత్తెర, తాళంచెవి, దువ్వెన వగైరాలతో మళ్ళీ నింపింది.

అక్కడితో ఆగి ఉంటే అది ఆటగానే మిగిలేది. కానీ పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూస్తేనో? ఆ ఆలోచన రాగానే ఆమె లోపలి స్క్వాడ్ జీపు దిగింది. ఒక ట్రే కాస్తా రెండయింది: ఏ సెట్టు, బి సెట్టు. పక్కపక్క కుర్చీలకు వేరువేరు సెట్లు. కుర్చీకీ కుర్చీకీ చెయ్యి చాపినా అందనంత ఎడం. ఇంటి దగ్గరే రాసుకొచ్చిన కాగితాలు చెల్లకుండా ప్రతి కాగితం వెనకా తన సంతకం. చేతిసంచులు గుమ్మం బయట. ఏర్పాట్లు చూసుకుని ఆమె తృప్తిగా ఊపిరి పీల్చుకుంది. వినోదం తప్ప అన్నీ సమకూరాయి.

గురువారం వాళ్ళు వచ్చారు. గుమ్మంలోనే కుట్టుమిషనావిడ, "ఏంటక్కా, హాల్ టికెట్ తెచ్చుకోవాలా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తనతోనా తన మీదా అన్నది టీచరమ్మ తర్వాత పరిశీలించడానికి పక్కన పెట్టింది.

వాళ్ళలో అందరికంటే పెద్దది మందుల షాపు పెద్దమ్మ. షాపు కొడుకుది, నోరు ఆవిడది. కుట్టుమిషనావిడ చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. పరీక్షకు ముందు చేతులు కలపడం టీచరమ్మకు నచ్చలేదు. పెద్దమ్మ కూర్చోబోతూ కుర్చీ అంచంతా తడిమింది. అడుగున చిట్టీ అంటించడానికేనని గ్రహించి, టీచరమ్మ చెంచా కింద పడేసి వంగి చూసింది. ఏమీ లేదు. అనుమానం రెట్టింపయింది. ఏమీ దొరక్కపోవడమే ఆరితేరినవాళ్ళ లక్షణం.

టీలయ్యాయి. కుట్టుమిషనావిడ తన కుర్చీని పెద్దమ్మ వైపు జరుపుకుంది. టీచరమ్మ దాన్ని యథాస్థానానికి లాగింది.

"కబుర్లు చెప్పుకోవద్దా అక్కా?"

"ఫలితాలయ్యాక."

గుడ్డలు లేచాయి. అందరూ ట్రేల మీదికి వంగారు. పెద్దమ్మ మాత్రం తల నిటారుగా పెట్టుకుని ఎదుటి గోడను చూస్తూ కూర్చుంది. అంత ధీమా ముందే ప్రశ్నలు తెలిసినవాళ్ళకే ఉంటుంది. గుడ్డలు పడ్డాయి. పెన్సిళ్ళు కదిలాయి. టీచరమ్మ చేతులు వెనక కట్టుకుని, చప్పుడు కాకుండా కుర్చీల మధ్య తిరగసాగింది. అప్పుడు వినిపించింది.

"కత్తెర... తాళంచెవి... దువ్వెన..."

గొంతు కుట్టుమిషనావిడది. రాస్తున్న చెయ్యి పెద్దమ్మది. రిటైరయ్యాక టీచరమ్మకు అంత ఆనందం కలగడం అదే మొదలు. రెండంగల్లో వెళ్ళి రెండు కాగితాలూ లాగేసుకుంది.

"పెన్సిళ్ళు కింద పెట్టండి. పెద్దమ్మగారూ, మీది బి సెట్టు. కత్తెర మీ ట్రేలో లేనే లేదు."

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నా రాత చదవగలిగావా? గొప్పదానివే. నా కొడుక్కే రాదు" అంది.

టీచరమ్మ కాగితం చూసింది. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కి కూర్చుంది. తాళంచెవిలోని ఆఖరి అక్షరం కాగితం మీద లేనే లేదు. అంచు దాటి పెద్దమ్మ చీర మీద పెన్సిలు గీతగా తేలింది.

కుట్టుమిషనావిడ ఆమెను వంటగదిలోకి తీసుకెళ్ళింది.

"పెద్దమ్మకి చూపు పోయిందక్కా. వెలుతురు తెలుస్తుంది, అంతే. మాకందరికీ తెలుసు. మాకు తెలిసిన సంగతి ఆవిడకు తెలీదు. పక్కన కూర్చున్నవాళ్ళం మాలో మేం గొణుక్కుంటున్నట్టు అనేస్తుంటాం. మా ఆటల్లో అంత గోల అందుకే."

"నాకు ముందే చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్తామక్కా? పట్టుకునేవాళ్ళకా?"

హాల్లో కుర్చీలు వెనక్కి జరుగుతున్న చప్పుడైంది. ఎవరో, "సంచులు బయటున్నాయిగా" అన్నారు. తనను వద్దనుకుంటున్న చప్పుడు అంత స్పష్టంగా ఉంటుందని టీచరమ్మకు తెలియదు. ఇందులో అనుమానించడానికేమీ లేకపోవడం ఆమెకు మరీ కష్టంగా తోచింది.

ఆమె కొంగు సవరించుకుని హాల్లోకి వచ్చింది. ముఖం మాత్రం మునుపటి స్క్వాడ్ ముఖమే.

"ఎవరూ లేవకండి. పరీక్ష రద్దయింది. పేపరు లీకయింది. లీక్ చేసింది మా ఆయన."

పక్కగదిలోంచి భర్త, "నేనా?" అన్నాడు.

"మీరే. మాట్లాడకండి." ఆమె రెండు కాగితాలనూ చింపేసింది. "చూడనివ్వడం వల్లే కాపీలు. కనక ఈసారి చూడ్డం నిషేధం. గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, తడిమి, ఏమిటో పైకి చెప్పాలి. రాయడం కూడా లేదు. కుర్చీలు దగ్గరికి లాక్కోండి, ట్రే అందాలిగా."

కుర్చీలు దగ్గరికొచ్చాయి, కాస్త సందేహిస్తూనే. ఒకావిడ బొత్తాన్ని మాత్ర అంది, ఇంకొకావిడ కర్టెను రింగును చూసి — తాకి — ఉంగరమని ఆశపడింది. పెద్దమ్మ వంతు వచ్చింది.

"దువ్వెన. రెండు పళ్ళు లేవు. నీది కాదు, మీ ఆయనది, నూనె వాసనొస్తోంది. ఇది కత్తెర, మొండిది. ఇది... చాక్‌పీసు."

"కొవ్వొత్తి ముక్క" అంది టీచరమ్మ.

"చాక్‌పీసు."

"కొవ్వొత్తి. ఒక మార్కు పోయింది."

పెద్దమ్మకు కోపమొచ్చింది. నిజమైన కోపం, ఓడిపోయేవాళ్ళకు మాత్రమే వచ్చేది. "నా మార్కు సంగతి సరే, నీ స్క్వాడేం చేస్తోంది? ఈ కుట్టుమిషను పిల్ల గుడ్డ ఎత్తి చూస్తోంది. గాజుల చప్పుడు నాకు వినపడదా?"

అందరూ అటు తిరిగారు. కుట్టుమిషనావిడ గుడ్డ అంచును పట్టుకుని, దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. టీచరమ్మ అక్కడికక్కడే ఆమెను డిబార్ చేసింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వు ఎవరి మీదో ఈసారి విచారించే అవసరం రాలేదు.

వెళ్ళేటప్పుడు కుట్టుమిషనావిడ, "వచ్చే గురువారం మా ఇంట్లో అక్కా. ఖాళీ చేతులతో రండి, సెట్లు తేకండి" అంది.

"టీచరమ్మ నా పక్కన కూర్చుంటుంది" అంది పెద్దమ్మ. "మీ గొణుగుళ్ళు సగం వినపడి చావవు. ఇన్నాళ్ళూ ఊహించుకుని ఆడుతున్నాను."

కుట్టుమిషనావిడ నోరు తెరిచింది. ఎవరికి ఏం తెలుసో ఏం తెలియదో అన్న లెక్క ఆ గుమ్మంలో పూర్తిగా తలకిందులైంది.

"నేను కాపీ చేయించను పెద్దమ్మగారూ" అంది టీచరమ్మ.

"చేయించమన్నానా? పైకి గట్టిగా చదువు. క్లాసులో చదివేదానివిగా."

"ఒక్కసారే చదువుతాను."

"రెండోసారి అడిగితే అప్పుడు పట్టుకో."

పెద్దమ్మ కుట్టుమిషనావిడ చెయ్యి వదిలి, గాలిలో వెతికి, టీచరమ్మ చెయ్యి అందుకుంది. ఇద్దరూ మెట్లు దిగసాగారు.

"మెట్టు" అంది టీచరమ్మ.

"తెలుసులే."

"ఇంకో మెట్టు."

"ఇవి నాకు తెలిసిన మెట్లే. నీకంటే ముందు ఈ వాటాలో మా చెల్లెలుండేది."

టీచరమ్మ ఆగింది. "అయితే నా చెయ్యి ఎందుకు పట్టుకున్నారు?"

"నీ మాట నా మొహం వైపే వస్తోంది, మెట్లు చూడకుండా దిగుతున్నావుగా. పడతావేమోనని."