నెత్తురుకు దారి దొరికింది

హైదరాబాదులో మా ల్యాబులో జీవకణాలతో కండను పెంచుతాం. ముక్క కాస్త మందమైతే చాలు, లోపలికి ఆహారమూ గాలీ అందక నడిమధ్యన చచ్చిపోయేది. అందుకని రక్తనాళాల కణాలను కూడా జెల్లీలాంటి పదార్థంలో కలిపి పెంచి చూస్తున్నాం.

మొన్న వేసవిలో సెలవు పెట్టి మా ఊరు పెద్దారవీడు వెళ్లాను. షుగరు ముదిరి, నెత్తురు అందక నాయన పాదం అప్పటికే తీసేశారు. ఆయన మంచం మీద కూర్చుని మేకలకు రెమ్మలు విరిచి వేస్తుంటే, ల్యాబు నుంచి నా ఫోనుకు వీడియో వచ్చింది. కణాలు ఒకదాన్నొకటి వెతుక్కుని సన్నని గొట్టాలుగా అల్లుకున్నాయి. ఒక కొసన వదిలిన ఎర్రరంగు నీరు పాయలు పాయలుగా చీలి, వెంట్రుక కన్నా సన్నటి దారుల్లో పాకి, అవతలి కొసన బయటికి వచ్చింది. నాయనకు చూపించాను.

"ఈ దోవలు ఎవురు గీసినారమ్మా?"

"ఎవురూ గీయలేదు నాయనా. అవే పోయి కలుసుకున్నాయి."

ఆయన చేతిలోని రెమ్మను మేకలకు వేశాడు. తర్వాత, "నా కాలికి గూడా ఇట్ల మొలిపిస్తారా?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఇది గోరంత ముక్క నాయనా. మనుషుల దాకా రావాలంటే చానా ఏండ్లు పడతాది."

"పట్టనీలే. కండ్లు లేనివాటికి దోవ ఎట్ల తెలిసిందమ్మా?"

"అది మాకూ పూర్తిగా తెలీదు నాయనా."

ఇద్దరం ఫోను మీదికి వంగి, ఆ ఎరుపు పాకడం మళ్లీ మొదటి నుంచి చూశాం.