కితాబ్ పర్సోం, హైదరాబాద్ పర్సోం

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా మీద కూర్చుని ఉంది. చెప్పడానికి అరక్షణం పట్టని మాట. హౌ. పాతబస్తీలో అవును అనడానికి హౌ అంటాం. రోజుకు వందసార్లు అంటాం, అన్నది గుర్తు కూడా ఉండదు. నేనన్న ఒక్క హౌ మాత్రం నాతోనే తింటోంది, నాతోనే పడుకుంటోంది. మా ఇంటామెకు చెప్పలేదు, ఆమె పోయింది. పిల్లలకు చెప్పలేదు, వాళ్ల లెక్కలో నేను మంచోణ్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మొహం తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

మాది ఉప్పుగూడ. తాతల కాలం నుంచి బర్లు, పాల వ్యాపారం. నేను ఇంటర్ దాకా చదివాను. మా ఇంట్లో అంత చదివినవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి కొమ్ములు కూడా నాకొక్కడికే మొలిచాయి. పొద్దున పాలు పోశాక పేపరు ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివేవాణ్ని. మధ్యాహ్నం ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకునేవాణ్ని. సాయంత్రం స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని లోకం సంగతులన్నీ విప్పి చెప్పేవాణ్ని. అలా నా అసలు పేరు పోయి రేడియో అన్న పేరు మిగిలింది. బర్రె ఈనిన సంగతి తెల్వదుగానీ బాద్షాల లొల్లి తెలుసు వీనికి అని మా బాపు తిట్టేవాడు. నాకు లోకం మీద అంత ప్రేమ ఉండేదా? లేదు. నేను మాట్లాడుతుంటే నలుగురు చాయ్ చల్లారిపోతున్నా చూసుకోకుండా వింటారు చూడండి, నాకు అది కావాలి.

ఎనభయ్యో దశకం మొదట్లో మా పైగదిలోకి మూసా అద్దెకు వచ్చాడు. ఆఫ్రికా నడిమధ్యన చాద్ అనే దేశం, అక్కడివాడు. ఇక్కడ ఇంగ్లీషు కోర్సు చదవడానికి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, మా గుమ్మంలో ఎన్నిసార్లు తలకు కొట్టుకున్నాడో. మా మూసీ నీ పేరు మీద పెట్టిందేనా అని బస్తీవాళ్లు ఆటపట్టిస్తే, అవును, అందుకే అందులో నీళ్లు లేవు, మా ఊళ్లోనూ లేవు అనేవాడు. కోఠీ ఫుట్‌పాత్ మీద హిందీ నేర్పే పుస్తకం ఒకటి కొన్నాడు. దానితోనే మాతో మాట్లాడేవాడు.

ఆ పుస్తకంలో పర్సోం అంటే మొన్న. నిన్నటికి ముందు రోజు, అంతే. మా హైదరాబాద్‌లో పర్సోం అలా కాదు. మనం మొన్నీమధ్య అంటామే, అలా. వారం కావచ్చు, ఏడాది కావచ్చు, నిజాం కాలం కూడా కావచ్చు. పక్కింటి ఖాదర్ భాయ్ ఒకసారి, పర్సోం మా బిడ్డ షాదీ అయింది అన్నాడు. మూసా వెంటనే లాడ్ బజార్ వెళ్లి మంచి గాజుల జత కొని, తెల్లారి తీసుకుపోయాడు. ఆ పెళ్లికూతురు చంకన పిల్లను ఎత్తుకుని తలుపు తీసింది. బస్తీ అంతా పొట్ట పట్టుకుని నవ్వింది, మూసా అందరికన్నా ఎక్కువ నవ్వాడు. అప్పటినుంచి ఎవరు పర్సోం అన్నా, కితాబ్ పర్సోమా, హైదరాబాద్ పర్సోమా అని అడిగి రూఢి చేసుకునేవాడు. ఈ ముచ్చట ఎందుకు చెప్పానో తర్వాత మీకే తెలుస్తుంది.

అప్పుడు వాళ్ల దేశంలో యుద్ధం నడుస్తోంది. నాయకులు రెండు మూడు ముఠాలై కొట్టుకుంటున్నారు. ఉత్తరం నుంచి లిబియా సైన్యం దిగింది. ఫ్రాన్సు ఒకసారి వస్తుంది, ఒకసారి పోతుంది. వెనక అమెరికా ఉందని ఒక పేపరు, ఎడారి కింద ఉన్న యురేనియం కోసమని ఇంకో పేపరు రాశాయి. నాకు పండగే కదా. ఒకనాటి సాయంత్రం హోటల్లో మొదలుపెట్టాను. ఇదంతా బయటోళ్ల పని, అక్కడి జనం పాపం అమాయకులు, వాళ్లకేం తెలుసు అన్నాను. మూసా మూల బల్ల దగ్గర బిస్కెట్ ముంచుకుని తింటున్నాడు. అందరూ అతనివైపు చూశారు. తల ఊపుతాడనుకున్నాను.

ఊపలేదు. గొంతు పెంచకుండా తన ముక్కలు ముక్కల హిందీలో చెప్పాడు. మా మేనమామ బావిలో ఇసుక పోసింది లిబియావాడు కాదు, మా పక్క ఊరివాడు. బయటివాళ్లు వచ్చారు, నిజమే, అన్న మీద కోపంతో తమ్ముడు తలుపు తీస్తే వచ్చారు. మీరు మా తప్పు కూడా మాకు మిగల్చరా? ఇక్కడ మొన్న కర్ఫ్యూ పెట్టినప్పుడు కూడా ప్రతి గల్లీలో ఇదే విన్నాను, మావాళ్లు కాదు, బయటోళ్లొచ్చి చేసిండ్రు అని. ఆ బయట ఎక్కడుంది భాయ్? నేను ఇక్కడికొచ్చినప్పటి నుంచీ వెతుకుతున్నాను.

 అప్పుడు గల్లా దగ్గరి మనిషి, రేడియోల బ్యాటరీ అయిపోయిందిరా భాయ్ అన్నాడు. ఇక చూడండి, ఒకటే నవ్వు. మర్నాడు పాలు పోయించుకోవడానికి వచ్చిన పిల్లలు కూడా, బ్యాటరీ తెచ్చుకున్నవానే అని అడిగారు. మీకిది చిన్న విషయంగా కనిపిస్తుంది. చిన్నదే. నా కడుపు మాత్రం మండిపోయింది. నా ఇంట్లో ఉంటూ, మా ఇంటామె పోసిన మజ్జిగ తాగుతూ, నలుగురిలో నా పరువు తీస్తాడా అనుకున్నాను. అతను చెప్పిన దాంట్లో నిజం ఉందని నాకు ఆ క్షణమే తెలుసు. మంట అందుకే ఎక్కువైంది.

తెల్లారి మూసా సెలవులకు పుణేలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్లాడు. అతను లేనప్పుడు వాళ్లన్న వచ్చాడు.

పేరు ఆదమ్. లారీ డ్రైవరు. యజమాని కోసం లారీ సామాన్లు కొనడానికి బొంబాయి వచ్చి, తమ్ముడి అడ్రసు పట్టుకుని మా పాల దుకాణం దాకా చేరాడు. అరబ్బీ తప్ప మరోటి రాదు. పాలకు వచ్చిన ఒక ముసలాయన, అరబ్బుల బస్తీ బార్కస్‌వాడు, అరబ్బీ ఎరిగినవాడు కావడంతో అతని మాట నాకు తెలిసింది. ఆదమ్ ముందు రెండు దార్లున్నాయి. సూడాన్‌లో చుట్టాలున్నారు, అక్కడికి పోయి బతకొచ్చు. లేదా ఇంటికి పోవాలి, అక్కడ తల్లి ఉంది, యుద్ధమూ ఉంది. మా ఇంట్లో చదువుకున్నవాడు మూసానే, వాడు ఎట్లా అంటే అట్లా చేస్తాను అన్నాడు. తోటివాళ్లు ఎదురుచూస్తున్నారు, ఆగలేను, పది రోజులు బొంబాయి సత్రంలో, ముసాఫిర్‌ఖానాలో ఉంటాను, వాణ్ని పంపండి అన్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు. మా ఇంటామె వేడి పాలు ఇచ్చింది. తాగాక గ్లాసు తనే కడిగి పెట్టాడు.

రెండో రోజుకే మూసా పుణే నుంచి తిరిగొచ్చాడు. నేను చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్నకు ఇన్నేళ్లలో ఎన్ని జవాబులు తయారుచేసుకున్నానో. ఒక బర్రెకు జబ్బు చేసింది, ఆ ఫికర్‌లో మర్చిపోయాను. మూసా పొద్దున్నే పోయి రాత్రికి వచ్చేవాడు, దొరకలేదు. అన్నీ అబద్ధాలు. మా ఇంటామె రోజూ అడిగేది, గా పిలగానికి చెప్పినవా అని. చెప్పిన అనేవాణ్ని. మర్చిపోయినవాణ్ని ఇంట్లో మనిషి రోజూ గుర్తుచేస్తుంటే అదేం మరుపు? నాకు అతను రావాలని ఉండేది. వచ్చి, రేడియో భాయ్, ఆవేళ నీ పరువు తీశాను, తప్పయింది అనాలని. అతనికేమో ఆ గొడవే గుర్తులేదు, ఎప్పటిలా నవ్వుతూ సలాం చేసిపోయేవాడు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ, రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆదమ్ వచ్చిపోయి వారం దాటింది. చివరికి మా ఇంటామెకు అనుమానం వచ్చింది. నువ్వు చెప్పకుంటే నేనే చెప్త, గా తల్లి కొడుకులు ఎక్కడోళ్లో ఏందో అంది. అప్పుడు మెట్లెక్కాను. మూసా కిటికీ దగ్గర కూర్చుని పరీక్షకు చదువుకుంటున్నాడు.

"మూసా భాయ్, తుమారా భాయ్ ఆయా థా, పర్సోం" అన్నాను. మీ అన్న వచ్చిపోయాడు అని.

ఆ పర్సోం నేను కావాలని అన్నది కాదు. నమ్ముతారో లేదో, అది నా నోట్లో ఎప్పుడూ ఉండే మా ఊరి పర్సోం. ఆ మాట వరకు నేను అబద్ధమాడనట్టే. పది రోజులుంటాడని, రమ్మన్నాడని, సూడానో ఇల్లో నువ్వే తేల్చాలన్నాడని కూడా చెప్పాను. మూసా లేచి నిలబడ్డాడు, తల దూలానికి తగిలింది, నవ్వాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగి, గాజుల సంగతి గుర్తొచ్చిందేమో, నావైపు చూశాడు.

"కితాబ్ వాలా పర్సోం హై నా?"

ఎంత చక్కగా అడిగాడో చూడండి. తప్పించుకునే సందు ఒక్కటి కూడా వదల్లేదు. కాదు భాయ్, మా ఊరిది, ఇంకా రెండు మూడు రోజులే ఉన్నాయి, ఇప్పుడే బండెక్కు అంటే అయిపోయేది. మరి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడిగేవాడు. అడిగితే నా దగ్గర ఏముంది? హోటల్లో నవ్వు గుర్తొచ్చింది.

"హౌ" అన్నాను.

తను కాలేజీకి పోయినప్పుడు అన్న వచ్చిపోయాడనుకున్నాడు, అయితే మస్తు టైం ఉంది అన్నాడు. రెండు పరీక్షలు రాసేసి బొంబాయి బండెక్కుతానన్నాడు. ఆ రెండు మూడు రోజులు పైగదిలో పాడుకుంటూ చదువుకున్నాడు. నేను కింద బర్లకు కుడితి పెడుతూ వింటూనే ఉన్నాను. మా మెట్లు ఎన్నని, పది కూడా ఉండవు. నేను అన్న హౌ ఒక క్షణం కాదండీ, ఆ రోజులన్నీ నేను అంటూనే ఉన్నట్టు.

బొంబాయి నుంచి మూసా వాడిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. తను చేరడానికి ముందు రోజే అన్న వెళ్లిపోయాడు, ఇంటికే పోయాడు. మూసాకు దుఃఖం కన్నా కోపం ఎక్కువగా ఉంది. పది రోజులుంటానని చెప్పి ఉండలేదు, మాట తప్పాడు, ముందే నిర్ణయించుకుని నన్ను పేరుకు అడిగాడు అన్నాడు. నేను పాలు కొలుస్తూ విన్నాను. పోనీలే, పెద్దోళ్లు గట్లనే ఉంటరు అన్నాను. ఇది కూడా రాయాలి, ఆ మాట నేనే అన్నాను. మూసా ఆ కోపంతో అన్నకు చాలాకాలం ఉత్తరం రాయలేదు.

తర్వాత వాళ్ల దేశపువాడొకడు ఢిల్లీ నుంచి కబురు తెచ్చాడు. ఆదమ్ చనిపోయాడు. ఎలా అంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారట. విమానం నుంచి పడ్డ బాంబు అని ఒకరు. ఎదుటి ముఠా దారికాసి కాల్చిందని ఒకరు. అసలు యుద్ధంతో పనేలేదు, లారీ కోసం దొంగలు చంపారని ఇంకొకరు. ఆ సాయంత్రం మూసా దుకాణం అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. నాతో వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. మేరే భాయ్ కో కౌన్ మారా, రేడియో భాయ్? మా అన్నను ఎవరు చంపారు అని.

బాహర్ వాలే, అన్నాను. బయటోళ్లు.

హోటల్లో అంత మందిలో ఒప్పుకోనివాడు ఈసారి తల ఊపాడు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేను గెలిచాను కదా. అతని వీపు నిమురుతూ కూర్చున్నాను. కోర్సు అయ్యాక అతను ఫ్రాన్సు వెళ్లాడని విన్నాను. పోయేటప్పుడు మా ఇంటామెకు లాడ్ బజార్ గాజులు తెచ్చాడు. ఆమె వాటిని చివరిదాకా వేసుకుంది.

హోటల్‌కు పోవడం మానేశాను. పేపరు మాత్రం మానలేదు. ఆ యుద్ధానికి కారణమెవరు, బయటివాళ్ల చెయ్యి ఎంత అని రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. లిబియా అంటారు, ఫ్రాన్సు అంటారు, కాదు వాళ్లలో వాళ్లే అంటారు. పెద్ద సంగతులు నాకు తెలియవు, తెలుసనుకున్న రోజులు పోయాయి. బయటి చెయ్యి ఒకటి ఉంది. అది ఉప్పుగూడలో పాలు పోసేది.

ఆదమ్‌ను నేను చంపానా? తమ్ముడు కలిసినా అతను తల్లి కోసం ఇంటికే పోయేవాడేమో. పోయేవాడే అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అయినా మాట తప్పినవాడని తమ్ముడి చేత అనిపించుకుంటూ పోయేవాడు కాదు. ఆ నింద నాది, అతని మీద వేశాను. ఇదంతా రాశాక నా ఛాతీ కొంచెం తేలికైంది. నాకు తేలికైతే మూసాకు ఏం ఒరిగింది? ఏమీ లేదు. ఎక్కడున్నాడో తెలియదు. క్షమించమని అడగను, అడగడానికి అతను లేడు, మీరు ఇవ్వలేరు. అతను అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం బాకీ ఉంది.

కాదు మూసా భాయ్. కితాబ్‌ది కాదు, హైదరాబాద్ పర్సోం. మీ అన్న పది రోజులూ ఉన్నాడు.