ఎల్డన్ గారి ఎస్కార్ట్ పురాణం

ఎల్డన్ ష్రాంక్ గారికి ఒకటే జబ్బు. మనిషి దొరికితే చాలు, 'ఎస్కార్ట్' అనే మాట ఎక్కడ పుట్టిందో చెప్పందే వదలరు. నెబ్రాస్కాలో ఇళ్లను పునాదుల మీంచి లేపి, ట్రక్కు మీద పెట్టి, వేరే ఊరికి లాక్కెళ్లే పని మాది. ట్రక్కు నడిపేది నేను. ముందు పసుపు దీపం పెట్టుకుని దారి చూసే ఎస్కార్ట్ కారు ఆయనది. వెనక కారు వాండాది.

సొంత కూతురి పెళ్లిలో, చర్చిలో పిల్ల చెయ్యి పట్టుకుని నడిపిస్తూ సగంలో ఆగిపోయారు మహానుభావుడు.

"ఇదిగో, దీన్నే ఎస్కార్ట్ అంటారు. ఫ్రెంచి వాళ్లు ఇటలీ వాళ్ల దగ్గర్నుంచి తెచ్చుకున్నారు. అక్కడ 'స్కోర్తా' అంటే దారి చూపడం..."

"నాన్నా, పెళ్లికొడుకు నిలబడి ఉన్నాడు!"

"ఉండవే, ఇంకా లాటిను రాలేదు."

ఒకసారి పన్ను పీకే డాక్టరు మత్తిస్తే గానీ నోరు మూతపడలేదట. మత్తు దిగగానే ఆపిన చోటి నుంచే అందుకున్నారట.

నిరుడు నా ట్రక్కు చక్రం వంతెన అంచు దిగి, ఒక ఇల్లు వరండాతో సహా నదిలో పడింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పట్నుంచి వంతెన కనిపిస్తే చాలు, ముందే ఆగిపోయేదాన్ని. ఈసారి దాటలేకపోతే ట్రక్కు దిగిపొమ్మని యజమాని తెగేసి చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని. ఇంకోటి రాదు నాకు.

మే నెలలో ఒక పొద్దున, రెండు పడగ్గదుల ఇంటితో లూప్ నది వంతెన ఎక్కాను. వంతెన మీద రేడియోలో కబుర్లు చెప్పకూడదని మా కట్టుబాటు. ఎల్డన్ గారంతటివారు కూడా అక్కడ నోరు కుట్టేసుకుంటారు. సరిగ్గా సగంలో కింద నది కనిపించింది. ట్రక్కు ఆపేశాను.

"నా వల్ల కాదండీ," అన్నాను రేడియోలో.

"లోర్నా, ఎస్కార్ట్ అనే మాట సంగతి నీకు చెప్పానా?"

"ఇప్పుడా! ఇదేం ఖర్మరా దేవుడా!"

"స్పెయిను వాళ్ల మాటమ్మా అది. డాలు అని అర్థం."

"స్పెయినేంటి? ఇటలీ కదా!"

"కాదు తల్లీ. అంతకు ముందు గ్రీకు."

నాకు ఒళ్లు మండిపోయింది. "గ్రీకా, మీ మొహమా! లాటిను! చెవులు చిల్లులు పడేలా చెప్పింది మీరే కదా!"

"సరిగ్గా వినిపించట్లేదు, కొంచెం ముందుకొచ్చి చెప్పు."

వెళ్లాను. వెళ్తూనే అరిచాను. "ఇంగ్లీషు వెనక ఫ్రెంచి! దాని వెనక ఇటలీ! దాని వెనక లాటిను! చక్కబెట్టడం అని అర్థం! కాపలా కాయడం ఒక్కటే కాదు, దారి చక్కబెట్టాలి! వినిపించిందా?"

"ఆఁ, వినిపించింది. బ్రేకు వెయ్యి, వంతెన అయిపోయింది."

అద్దంలో చూశాను. నది వెనక ఉంది. ఇల్లు ట్రక్కు మీదే ఉంది. అమ్మయ్య! స్టీరింగు మీద తల పెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను.

వెనక నుంచి వాండా, "ఎల్డన్‌కి తప్పు పోయిందా? పద్దెనిమిదేళ్లుగా వింటున్నాను, ఒక్క ముక్క పొల్లుపోలేదే!" అంది రేడియోలో.

"వయసు మీద పడుతోందమ్మా, మతిమరుపు," అన్నారాయన.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, వడ్డించే అమ్మాయిని నిలబెట్టి, ఫ్రెంచి నుంచి మొదలెట్టి తడుముకోకుండా అప్పజెప్పసాగారు. 'స్కోర్తా' దగ్గర కాఫీ తాగడానికి ఆగారు.

"ఊఁ, తరవాత?" అన్నాను నేను.