టెల్లెర్వో మీద పడ్డ అనుమానం

ఫిన్లాండ్‌లోని మా ఊరు కొర్పివారలో ప్రపంచ స్కీ పోటీలు ముగిసిన సాయంత్రానికే ఊళ్లో సగంమంది టెల్లెర్వోను అనుమానించడం మొదలుపెట్టారు. ఆమె మా బడి వంటగదిలో ఏళ్ల తరబడి వండిన మనిషి, మా పక్కింటావిడ. పోటీల రోజుల్లో ఫిన్లాండ్ ఆడపిల్లల జట్టుకు భోజనం పెట్టే పని ఆమెకే అప్పగించారు. అప్పుడు ఊరంతా మురిసిపోయింది.

ఆఖరి రోజు జట్టుకు నలుగురు వంతులవారీగా స్కీ చేసే రిలే పందెం. మూడో విడత ముగిసేసరికి మా జట్టే ముందుంది. చివరి విడత సైమిది. చర్చి వెనక గుట్ట సగం ఎక్కి ఆ పిల్ల కడుపు పట్టుకుని వంగిపోయింది. నార్వే పిల్ల పక్కనుంచి దూసుకుపోయింది. వెనకే స్వీడన్, జర్మనీ. మాకు దక్కింది నాలుగో స్థానం. గీత దాటగానే మైకు పెడితే సైమి, "ఏమో, రాత్రి తిన్నదేదో పడలేదనుకుంటా" అంది. ముఖ్యఘట్టాలంటూ టీవీవాళ్లు ఆ గుట్టనూ ఆ మాటనూ తిప్పితిప్పి చూపించారు.

రాత్రి తిన్నది టెల్లెర్వో కాచిన సాల్మన్ చేప సూపు. టెల్లెర్వో కూతురిని ఇచ్చింది నార్వేలో. ఇంకేం కావాలి?

"మిగతా ముగ్గురూ అదే తిన్నారు కదయ్యా" అన్నాను, కాఫీ కొట్టు ఉర్హోతో.

"గిన్నె ఒకటే. గరిటె ఎవరి చేతిలో ఉంది? ఆ అల్లుడు మొన్న వాళ్ల జట్టు టోపీ పెట్టుకుని ఊళ్లో తిరిగాడు, చూళ్లేదా?"

ఆ సాయంత్రం ఆడవాళ్ల ఆవిరిస్నానాల గదిలోకి టెల్లెర్వో వెళ్లగానే మాటలు ఆగిపోయాయట. ఆవిరి కోసం కాలిన రాళ్ల మీద నీళ్లు పోయబోతే ఒకావిడ చెంబు అందుకుని, "నేను పోస్తాలే, నువ్వు కూర్చో" అందట. 

ముందు ఆమె తననే అనుమానించుకుంది. మిగిలిన సూపు వేడిచేసుకుని గిన్నెడు తాగి కూర్చుంది. ఏమీ కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పందెం రోజు పొద్దున సైమి జావ ముట్టకుండా పక్కకు నెట్టేసిన సంగతి. వెచ్చటి వంటగదిలో కూర్చుని కూడా ఆ పిల్ల వేడి బెర్రీ రసం గ్లాసును రెండు చేతులా పట్టుకుని వణికింది.

మర్నాడు జట్టు బయల్దేరే ముందే టెల్లెర్వో ఆ పిల్ల గది తలుపు తట్టింది.

"నిన్న పొద్దున జావ ఎందుకు తినలేదమ్మా?"

"ఆకలి లేదత్తా."

"పందెం రోజు ఆకలి లేకపోవడమేంటి? నీకు జ్వరం కదూ?"

సైమి లేచి తలుపు మూసింది. "చెప్తే నా విడత ఇంకొకళ్లకి ఇచ్చేసేవాళ్లు."

"అందుకని నా వంట మీదకి తోశావా?"

"మీ పేరెత్తలేదు నేను."

"ఎత్తక్కర్లేదు. వండింది నేనొక్కదాన్నే. బస్సెక్కేలోపు నువ్వే చెప్పు. నేను చెప్తే ఈ ఊళ్లో నమ్మేవాళ్లు లేరు."

సైమి సంచి సర్దుకుని బయటికొచ్చింది. చివరికి బస్సు దగ్గర విలేకరుల ముందు తల దించుకుని చెప్పింది: జ్వరం దాచానని, భోజనంలో తప్పేమీ లేదని. తర్వాతి పోటీకి ఆమెను పక్కనపెట్టారు. టీవీలో ఆ మాట ఒక్కసారే వచ్చింది. ఆ వెంటనే మళ్లీ గుట్ట చూపించారు.

"మంచి పిల్ల" అన్నాడు ఉర్హో కప్పులు తుడుస్తూ. "పెద్దావిడ పరువు కోసం నింద తన మీద వేసుకుంది."

మంచు కరిగాక ఊరి విందుకు వండమంటే టెల్లెర్వో ఒప్పుకుంది. వడ్డన మాత్రం వేరేవాళ్లకు వదిలేసింది.

"అదేంటి?" అన్నాను.

"ఎవరు తింటున్నారో, ఎవరు వాసన చూసి వదిలేస్తున్నారో నేనూ చూసుకోవాలిగా" అంది, గుమ్మం పక్కన కుర్చీ వేసుకుంటూ.